గుట్టవాడ పలకని రోజు

నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పే పరంజ్యోతి గారు ప్రశ్నకు నేరుగా జవాబివ్వరు. ఒకనాడు హసీనా అనే శిష్యురాలు ఆయనను, "సార్, పింగ్ కొడితే బదులు రాలేదంటే అవతలి మెషీన్ పోయినట్టేగా?" అని అడిగింది. అవతలి యంత్రాన్ని "ఉన్నావా?" అని పలకరించే చిన్న కమాండు పింగ్. ఆయన మార్కర్ పక్కన పెట్టి, వరదల కంట్రోల్ రూములో తనకు జరిగిన సంగతి చెప్పారు.

ఆ ఏడు గోదావరి పోటెత్తింది. ఒడ్డు వెంట నీటిమట్టం కొలిచే కేంద్రాల్లోని లినక్స్ మెషీన్ల బాధ్యత పరంజ్యోతి గారిది. ఒక మధ్యాహ్నం గుట్టవాడ కేంద్రం నుంచి రీడింగులు ఆగిపోయాయి. ఫోన్లు అప్పటికే పనిచేయడం లేదు, శాటిలైట్ లింకు ఒక్కటే దారి. ఆయన పింగ్ కొట్టారు. ఒక్కదానికీ బదులు రాలేదు. మళ్లీ కొట్టారు. అదే తీరు.

"గుట్టవాడ మునిగింది. అక్కడ మనవాళ్లు ఇద్దరున్నారు," అని అధికారికి చెప్పేశారు. మిగిలి ఉన్న ఒక్క పడవా, లంకలో బడి డాబా ఎక్కిన పదకొండు మంది కోసం బయల్దేరబోతున్నదల్లా, గుట్టవాడకు మళ్లింది.

కొత్తగా చేరిన త్రివేణి అనే ఉద్యోగిని, "ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి చూడనా సార్?" అంది. దూరంగా ఉన్న మెషీన్లోకి ఇక్కడి నుంచే లాగిన్ అయ్యే కమాండు అది.

"మునిగినదాన్లోకి ఎలా వెళ్తావమ్మా?" అని ఆయన విసుక్కున్నారు.

ఆమె వినలేదు. కమాండు కొట్టగానే అవతలి మెషీన్ పాస్‌వర్డ్ అడిగింది. లోపల మెషీన్ నిక్షేపంగా ఉంది. రీడింగులు పంపే ప్రోగ్రాం ఒక్కటే ఆగిపోయింది. అందులో నమోదైన తాజా కొలత ప్రకారం నీళ్లు ఇంకా కేంద్రం గడపకు ఆరడుగుల కిందే ఉన్నాయి. పింగ్ ఎందుకు పలకలేదా అని ఆమె, మెషీన్‌లోకి ఏది రావచ్చో ఏది రాకూడదో తేల్చే ఫైర్‌వాల్ తెరిచి చూసింది. పింగ్‌కు బదులివ్వొద్దని అందులో ఒక రూలు ఉంది. దాని పక్కన, పెట్టినవారి పేరు: పరంజ్యోతి. కిందటి వేసవిలో భద్రత కోసం పెట్టి, ఆయనే మరిచిపోయారు.

వైర్‌లెస్‌లో చెప్పి పడవను వెనక్కి తిప్పించారు. అది లంక చేరేసరికి డాబా మీద మోకాలిలోతు నీళ్లు. ఒక బాలింత బిడ్డను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని నిలబడి ఉందట. పదకొండు మందీ దక్కారు.

అంతా విన్నాక హసీనా మెల్లగా, "అయితే పింగ్ మిమ్మల్ని మోసం చేసింది కదా సార్?" అంది.

"లేదమ్మా," అన్నారు పరంజ్యోతి గారు. "బదులు రాలేదని అది చెప్పింది. మిగతాది నేను చెప్పాను."