నాలుగు దివిటీలు, తొమ్మిది చుక్కలు

దీపం ఇప్పుడే ఆర్పనులేరా బుజ్జీ, కథ అయ్యాక చూద్దాం. కాళ్ళు ముడుచుకో, చెల్లికి తగుల్తున్నాయి.

అనగనగా, సముద్రం ఇప్పటికన్నా ఓ బారెడు దగ్గరగా ఉన్న రోజుల్లో ఒక బెస్తపల్లె. అక్కడ ఎల్లయ్య అని ఓ ముసలాయన, ఆయన కోడలు మాసేనమ్మ. ఇంట్లో తినేవాళ్ళు ఏడుగురు, ఉన్నది ఒక్కటే తెప్ప.

ఓ రోజు పొద్దుగూకాక ఆ దేశపు రాజు ఒడ్డుకొచ్చాడు. ఆయనకు చీకటంటే బెదురు. అన్నం తిన్నా నలుగురు దివిటీలు పట్టాలి, స్నానం చేసినా నలుగురు దివిటీలు పట్టాలి. దక్షిణాన, నీళ్ళ మీద జానెడెత్తులో, ఓ చుక్కల గుంపు కనిపించింది. మన కృత్తికలు లేవూ, వాటికి చెల్లెళ్ళనుకోండి. పసివి కదా, పైకెక్కలేవు. కాసేపు తొంగిచూసి నీళ్ళలోకి దిగిపోతాయి. ఊ కొడుతున్నారా?

అవెన్నని రాజు అడిగాడు. తొమ్మిదన్నాడు అక్కడే తెప్ప దగ్గరున్న ఎల్లయ్య. రాజు లెక్కపెడితే ఐదే. పోనీ ఐదే అనొచ్చుగా ఆ ముసలాయన? అనడే. యాభై ఏళ్ళుగా చూస్తున్నా, తొమ్మిదే అన్నాడు. అబద్ధాలకోరుకి తెప్పెందుకు, తెల్లారేసరికి దాన్ని కట్టెలుగా కొట్టేయండన్నాడు రాజు.

మాసేనమ్మ పక్కనే ఉండి ఈ మాట వింది. తెప్ప పోతే పొయ్యి వెలగదు. పొయ్యి అనుకోగానే ఆమెకొకటి తట్టింది. మంట ముందు కూచుని లేచి పెరట్లోకొస్తే ఎదురుగా ఉన్న నీళ్ళకుండ కూడా కనబడదు. కాసేపు నిలబడితే మెల్లగా అన్నీ కనిపిస్తాయి.

"బాబూ, మీరు ఐదన్నారు, మా మావ తొమ్మిదన్నాడు. తేడా నాలుగు. మీ దివిటీలూ నాలుగే. ఒక్కోటీ ఆర్పించి చూడండి. చుక్కలు పెరక్కపోతే మా ఇల్లు కూడా పీకించండి."

"ఇల్లెందుకే మధ్యలో," అని గొణిగాడు ఎల్లయ్య.

ఒక దివిటీ ఆరింది. చుక్కలు ఆరు. రాజు అటూ ఇటూ చూశాడు.

రెండోదీ ఆరింది. చుక్కలు ఏడు. రాజు ఎల్లయ్య పక్కకు జరిగాడు.

మూడోదీ ఆరింది. చుక్కలు ఎనిమిది. రాజు ఎల్లయ్య చెయ్యి పట్టుకున్నాడు.

నాలుగోదీ ఆరింది. చుక్కలెన్ని? ఒక్కటీ లేదు.

మాసేనమ్మ తమ ఇంటివైపు ఓసారి చూసుకుంది. అంతలో ఎల్లయ్య మెల్లగా, "కళ్ళు తెరవండి బాబూ," అన్నాడు.

తెరిచాడు. తొమ్మిది. మిలమిలా తొమ్మిది. రాజు చెయ్యి వదల్లేదు గానీ, బెదురు మాత్రం ఎప్పుడు పోయిందో పోయింది. పదోది కూడా ఉండాలి అనబోయాడు ఎల్లయ్య. కోడలు చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

తెప్ప తెప్పలాగే ఉంది, ఏడుగురూ కడుపునిండా తిన్నారు. అప్పట్నుంచీ ఎవరైనా తనకు కనిపించనిది ఉందని చెబితే, రాజు ముందు తన దివిటీ ఆర్పి, అప్పుడు చూసేవాడట.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. ఏరా బుజ్జీ, దీపం నన్నార్పమంటావా, నువ్వే ఆర్పుతావా?