పొగలో పుట్టిన నూకాలు

అనగనగా ఒక వరిచేను. ఆ చేని గట్టు కింద ఒక ఎలుకల కలుగు. అందులో నూకాలు అనే తల్లి ఎలుక, దానికి కళ్ళు తెరవని ఐదుగురు పిల్లలు.

నూకాలుకి బెదురు ఎక్కువ. కప్ప గెంతినా గుండె దడదడలాడేది. వెంటనే పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని గూడు మార్చేసేది. మొదటి రోజు గాలి వీచిందని మార్చింది. రెండో రోజు కొంగ అరిచిందని మార్చింది. మూడో రోజు ఏ చప్పుడూ లేదేమిటా అని మార్చింది. పిల్లలకి కడుపునిండా పాలు లేవు. ముట్టుకుంటే చాలు, వణికేవారు.

కలుగంతా నవ్వింది. పిరికితనం ఆ వంశం రక్తంలోనే ఉందట. ఈ పిల్లలూ అంతేనట.

ఆ మాట పడలేక నూకాలు తన మేనత్త గరికమ్మ దగ్గరకెళ్ళి ఏడ్చింది. "నాకే ఎందుకత్తా ఇలా? నాకు నిద్ర లేదు, నాకు..."

గరికమ్మకి ఒళ్ళు మండింది. "రక్తమట, రక్తం! నువ్వు పుట్టిన వారంలోనే ఎలుకలు పట్టేవాళ్ళు మూడుసార్లు పొగ పెట్టారే. మూడుసార్లూ మీ అమ్మ నిన్ను మోసుకుని బయటపడింది. అది పిరికిదా? నిన్ను నాకడానికే పాపం తీరిక దొరకలేదు. భయమేస్తే ఒంట్లో ఒక ఊట ఊరుతుంది. పసితనంలో తల్లి నాకితే అది ఆరిపోతుంది, ఆరకపోతే తలలోకి ఇంకుతుంది. ఆ తర్వాత ఆకు కదిలినా పొంగుతుంది."

"మరి నా పిల్లలో?"

"ఇందాకట్నుంచి నాకు, నాకు అంటున్నావుగా. ఆ పనే చెయ్యి. పిల్లల్ని నాకు."

మర్నాడు కొడవళ్ళ చప్పుడు. నూకాలు చటుక్కున ఒక పిల్లను కరుచుకుంది. ఆగి, చెవులు రిక్కించింది. కోతలు పక్క చేలో. పిల్లను కింద పెట్టింది. తల నుంచి తోక దాకా నాకింది. ఐదుగురినీ నాకింది. తన దడ తగ్గలేదు గానీ పిల్లల వణుకు తగ్గింది. ఇక రోజూ అదే పని.

పిల్లలు పెరిగారు. ఒకనాడు నిజంగానే కలుగులోకి పొగ వచ్చింది. నూకాలు కొయ్యబారిపోయింది. పిల్లలు మాత్రం గోల చెయ్యకుండా వెనక దారి మట్టి తోడేశారు. నవ్వినవాళ్ళంతా వాళ్ళ వెనకే పాకారు.

పిల్లల్లో అందరికంటే చిన్నది వెనక్కి వచ్చింది. వాళ్ళమ్మ నుదుటిని ఒక్కసారి నాకింది.

"పదమ్మా," అంది.

నూకాలు కాళ్ళు కదిలాయి.

నీతి: బెదిరేవాళ్ళని పిరికివాళ్ళనే ముందు, వాళ్ళు ఏ పొగలో పుట్టారో అడగాలి. పసితనంలో అందిన లాలనే పెద్దయ్యాక ధైర్యమవుతుంది.