పెద్దజట్టులో చుక్కి

వాగుకు ఇవతల ఇసుకమేట, అవతల రాతిగుట్ట. సాయంత్రమైతే ఇసుకమేట మీద మేకపిల్లలు, గొర్రెపిల్లలు, ఒక కుంటి కుందేలు చేరి గంతులు నేర్చుకునేవి. వాళ్ళ గురువు గాడిద బాబాయ్. గురువంటే ఆయన చెప్పేదేమీ ఉండేది కాదు. పగలంతా రేవుకు బట్టల మూటలు మోసి వచ్చి, ఇసుకలో అడ్డంగా నిలబడేవాడు. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆయన వీపు మీదుగా దూకి, అవతల బోర్లా పడేవి. ఎవరు ఎలా పడినా "బాగుందమ్మా, చాలా బాగుంది" అనేవాడు. మా కాలేజీ వ్యాయామం మాస్టారూ ఇంతే. మేం దూకాల్సిన చెక్కగుర్రం మీద తన తువ్వాలు ఆరేసుకుని, మేం ఏం చేసినా "భేష్" అనేవాడు. ఆయన గురించి మొదలుపెడితే ఈ పూటకు మేకల కథ సాగదు.

గుట్ట మీద సంగతి వేరు. అక్కడ కొండముచ్చులు గంతుల పోటీలకు తయారుచేసే బడి నడిపేవి. చుక్కి కన్ను ఆ బడి మీద పడింది. చుక్కి అంటే నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న మేక. కొమ్ములు అప్పుడప్పుడే వంపు తిరుగుతున్న వయసు. ఇసుకమేట మీద దానంత ఎత్తు ఎగిరేవాళ్ళు లేరు.

"బాబాయ్, నేను గుట్ట బడికి పోతా" అంది ఒకరోజు.

"పోవమ్మా. నా వీపు నీకు ఎప్పుడో చాలకుండా పోయింది" అన్నాడు గాడిద.

గుట్ట మీద ముసలి కొండముచ్చు మాస్టారు చుక్కిని ఒక్కసారి దూకించి చూశాడు. "ఎగరడం వచ్చు, దిగడం రాదు. ఇసుకలో ఎలా పడినా చెల్లుతుంది. ఇది రాయి. వెళ్ళి చిన్నజట్టులో నిలబడు."

చిన్నజట్టంటే ఇంకా తల్లిపాలు మానని కొండముచ్చు పిల్లలు. మోకాలెత్తు రాయి మీంచి దిగి, కాళ్ళు చప్పుడు కాకుండా ఆనించాలి. రోజంతా అదే పని. తప్పు చేసినప్పుడల్లా ఆ పిల్లలు "రాలేదు మాస్టారూ!" అని అరిచి, నవ్వుకుంటూ మళ్ళీ వరుసలో చేరేవి. చుక్కి మాత్రం దబ్బున దిగి కూడా చప్పుడు కానట్టే ముఖం పెట్టేది.

"అక్కా, నీకు కొమ్ములు కూడా వచ్చాయిగా. ఇంకా మాతో ఎందుకున్నావ్?" అని అడిగింది పక్కనున్న బుడత. చుక్కికి చెవులు కాలిపోయాయి.

ఆ సాయంత్రం ఇసుకమేట మీద అందరూ చుట్టూ మూగారు.

"ఏం నేర్పారే?" అన్నాడు గాడిద.

"పెద్దజట్టులో వేశారు బాబాయ్. గండి దూకిస్తున్నారు."

గండి అంటే గుట్ట మీద రెండు బండల మధ్య ఉన్న చీలిక. వంగి చూస్తే కళ్ళు తిరుగుతాయి. గాడిద ఆనందం పట్టలేక ఓండ్ర పెట్టాడు. మర్నాటికల్లా వాగు పొడవునా అందరికీ తెలిసిపోయింది.

నక్కకూ తెలిసింది. నక్క ఆ మధ్య మాంసం మానేశానని చెప్పుకు తిరుగుతున్నాడు. ఎవరూ నమ్మలేదు గాని, గొంతు బాగుందని పోటీల్లో పేర్లు పిలిచే పని ఇచ్చారు. పోటీకి ముందురోజు అతను చుక్కిని దారిలో కలిశాడు.

"ఏమ్మాయ్, పెద్దజట్టంట?"

చుక్కి తల తిప్పుకుంది.

"నాకు కనబడుతూనే ఉందిలే, ఎవరితో గెంతుతున్నావో. కంగారుపడకు, ఎవరికీ చెప్పను. రేపు మీవాళ్ళంతా వస్తున్నారటగా? వాళ్ళ ముందు ఆ పాలబుగ్గల వరుసలో నిలబడతావా? పెద్దజట్టులో నీ పేరు పిలిచేస్తా. అంత ఎగిరేదానివి, నీకు గండి ఒక లెక్కా?"

చుక్కి సరేననలేదు, వద్దనీ అనలేదు. నక్కకు అది చాలు.

పోటీరోజున గాడిద బాబాయ్ మూటలు ఎగ్గొట్టి వచ్చాడు. ఇంటికెళ్తే దెబ్బలు తప్పవని తెలిసే వచ్చాడు. వెంట ఇసుకమేట పిల్లలంతా ఉన్నారు. మాస్టారు ఆ చివర బుడతలను వరుసలో నిలబెడుతుండగా నక్క గొంతు ఖంగున మోగింది.

"పెద్దజట్టు! మొదటి పేరు, ఇసుకమేట చుక్కి! ఎవరైనా పడితే పట్టుకోవడానికి నేను కిందే ఉంటా!" అంటూ చకచకా కిందికి దిగిపోయాడు.

చుక్కి బండ ఎక్కింది. కిందికి చూసింది. గండి అడుగున రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య మూతి నాక్కుంటూ నక్క. అప్పుడు దానికి సంగతి అర్థమైంది. వెనకనుంచి గాడిద గొంతు: "చూడండి, మా పిల్లే! దూకమ్మా!"

ఆ వయసులో చావు, సిగ్గు రెండూ ఎదురుగా పెడితే చాలామంది ఏది ఎంచుకుంటారో నక్కకు తెలుసు. అతని ధీమా అదే.

"రాదు" అంది చుక్కి.

"ఏమంటోంది?" అన్నారు వెనకవాళ్ళు.

"నాకు గండి దూకడం రాదు! నేను పెద్దజట్టు కాదు. చిన్నపిల్లలతో దిగడం నేర్చుకుంటున్నా. మీకు అబద్ధం చెప్పా!"

ఒక గొర్రెపిల్ల కిసుక్కున నవ్వింది. మాస్టారు పరుగెత్తుకొచ్చాడు.

"నేనివ్వని పేరు పిలిచిందెవరు?" అంటూ గండిలోకి తొంగిచూశాడు. "ఓయ్ నక్కా, అక్కడేం చేస్తున్నావ్?"

"పడితే పట్టుకుందామని మాస్టారూ..."

"నోటితోనా?"

కొండముచ్చులన్నీ రాళ్ళందుకున్నాయి. నక్క ముళ్ళపొదల్లో పడి, ఖాళీ కడుపుతో, తోక సగం బొచ్చు అక్కడే వదిలి పారిపోయాడు. పేర్లు పిలిచే పని మళ్ళీ ఎవరూ అతనికి ఇవ్వలేదు.

చుక్కి బండ దిగింది. గాడిద ఎదురుగా నిలబడి ఉన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"చిన్నజట్టని చెబితే మేం చూడ్డానికి రామనుకున్నావా అమ్మా?" అన్నాడు.

చుక్కి తల వంచుకుని వెళ్ళి, బుడతల వెనక, అందరికంటే పొడుగ్గా నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు మోకాలెత్తు రాయి మీంచి దిగింది. బాబాయ్ ఉన్నాడో వెళ్ళిపోయాడో చూసే ధైర్యం లేక ఒక్కసారి కూడా జనం వైపు తలెత్తలేదు. ఆయన ఆఖరిదాకా ఉన్నాడు.

నీతి: రాదని ఒప్పుకుంటే ఒక్కపూట సిగ్గుపడతాం, వచ్చని బొంకితే మనల్ని నమ్మినవాళ్ళ ముందు చాలాకాలం తలెత్తలేం.