రాజుగారి కోసం ఆగని బండి

అనగనగా ఒక పెద్ద పట్నం. ఆ పట్నాన్నేలే రాజుగారికి ఒక్కగానొక్క కోడలు, చెంగల్వ. ఊరి చివర పూలతోటల వాళ్ళ పిల్ల. చిట్టీ, కాళ్ళు ముడుచుకో, చెల్లికి తగులుతున్నాయి.

జనం నడవలేకపోతున్నారని రాజుగారు జోడెడ్ల బండ్లు పెట్టించారు. ఎక్కితే ఒక గవ్వ బాడుగ. కానీ బండివాళ్ళకో ఆచారం ఉండేది. బండి నిండితేగాని తోలరు. పూలమ్మేవాళ్ళు బుట్టలతో ఎక్కి కూర్చుని, కూర్చుని, పూలు వాడిపోతున్నాయని దిగి నడిచిపోయేవారు. బండి నిండలేదు గనక కదల్లేదు. కదల్లేదు గనక జనం ఎక్కలేదు. ఎక్కలేదు గనక ఎడ్లకి గడ్డి రాలేదు. గడ్డి రాలేదు గనక మంత్రి బాడుగ పెంచాడు. బాడుగ పెంచాడు గనక బండి నిండలేదు. ఊ కొడుతున్నారా?

రాజుగారికి విసుగొచ్చి ఎడ్లను అమ్మేయమన్నారు. చెంగల్వ అడ్డుపడింది. పాత బాడుగే ఉంచి, వేళకి గంట కొట్టగానే ఖాళీగా ఉన్నా సరే బండి కదలాలంది. గడ్డి ఎవరు పెడతారని మంత్రి ఎకసెక్కమాడాడు. నిలబడ్డ ఎద్దూ అంతే మేస్తోంది, ఆ మేసేదేదో నడిచి మెయ్యనివ్వండి అంది. రాజుగారు అమావాస్య దాకా గడువిచ్చారు. అప్పటికీ నిండకపోతే ఆ ఖాళీ బండిలోనే పుట్టింటికి పోవాలి, మళ్ళీ రాకూడదు అన్నారు. చెంగల్వ సరేనంది.

గంట కొట్టేవారు, బండి కదిలేది. లోపల చెంగల్వ ఒక్కతే. రాజుగారి కోడలు గాలిని తిప్పి తెస్తోందని బజారంతా నవ్వింది. ఇవాళ కదిలిందిలే, రేపు ఏ పెద్దమనిషి కోసమో ఆపుతారు అనుకున్నారు. ఆమె మాత్రం ఒక్కపూట మానలేదు.

అమావాస్య నాడు రాజుగారు స్వయంగా బండెక్కి చూస్తామన్నారు. చూడ్డానికి బజారంతా మూగింది గానీ, బండి మాత్రం ఎవరూ ఎక్కలేదు. గంట కొట్టేశారు. రాజుగారు రాలేదు.

బండి తోలే పోలయ్య పగ్గాలు పట్టుకుని వెనక్కి తిరిగాడు. "అమ్మగారూ, దొరగారింకా తలపాగా దగ్గరే ఉన్నారంట."

"గంట కొట్టారు కదా పోలయ్యా. తోలు."

తోలాడు. రాజుగారు తలపాగా పట్టుకుని పరుగున వచ్చేసరికి దుమ్మే మిగిలింది. అందరిముందూ తలకొట్టేసినట్టయింది. తెల్లారేసరికి కోడలు కదలాలని ఆజ్ఞ వేసి లోపలికి వెళ్ళిపోయారు.

తెల్లారింది. చెంగల్వ కన్నీరు పెట్టలేదు. మూట చంకన పెట్టుకుని, తలెత్తుకుని బండి దగ్గరికి నడిచింది. రాజుగారు మేడమీంచి చూస్తున్నారు. చూద్దురుగదా, బండిలో కాలుపెట్టే చోటు లేదు. పూలబుట్టలు, పాలకుండలు, కమ్మరి కొలిమికి బొగ్గులు. రాజుగారికే ఆగని బండి ఇంకెవరికి ఆగుతుందని ఊరు ఊరంతా వేళకి వచ్చేసింది. గంట కొట్టారు. చెంగల్వను కిందే వదిలేసి బండి వెళ్ళిపోయింది.

రాజుగారు మెట్లు దిగొచ్చి మూట తన చేతిలోకి తీసుకున్నారు. "ఖాళీ బండి దొరికిన రోజున పోదువుగాని. ఇంట్లోకి రా తల్లీ" అన్నారు.

ఇంకెక్కడి ఖాళీ బండి! ఆ తర్వాత పొరుగు రాజులెవరొచ్చినా ఆయన కోట చూపించేవారు కాదు, కొలువు చూపించేవారు కాదు. మీసం దువ్వి, మా ఊళ్ళో నన్నే వదిలేసి పోయిన బండి ఉంది, చూస్తారా అనేవారు.

అదర్రా. చెప్పిన వేళకి కదిలితేనే నలుగురూ నమ్ముతారు. వేళ ముందు రాజైనా ఒకటే, చిట్టి అయినా ఒకటే. కథేమో కంచి బండెక్కేసింది, ఇక మనం పక్కలెక్కుదాం. కళ్ళు మూసుకోండి.