ఉడుము తాత విడిచిన పట్టు

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. చాప మీద చోటుంది. ఆ చివర కూర్చున్న బుజ్జితల్లీ, నువ్వూ రామ్మా. స్వామికి ఒక్క దణ్ణం పెట్టుకుని ఇటు చెవులొగ్గండి.

అనగనగా ఒక ఎర్రమట్టి అడవి. అక్కడ తగవులు తీర్చే పెద్ద ఒక ముసలి ఉడుము. మాటంటే బండను కరుచుకున్నట్టే, ఇక వదలడు. తగవులు విని విని పాపం అలసిపోయాడు. కళ్లు మూస్తే చాలు, ఎవరో ఒకరు "తాతా!" అని పిలిచేవారు.

ఆ అడవిలోనే సింగారి అనే భరతపిట్ట ఉండేది. మూడు వేసవులు ఎండలో తిరిగి, నీళ్లెక్కడ దొరుకుతాయో చూసి, ఒక పాట కట్టింది.

"ఎర్రబండ దాటితే ఏడు మద్దిచెట్లు,
మద్దిచెట్ల మొదట్లో తీయనీళ్ల చెలమ."

పాట అడవంతా పాకింది. అందరూ పాడారు, అందరూ నీళ్లు తాగారు. చిలకలైతే "మేమే కట్టాం" అని మెడలెగరేశాయి. నీళ్ల జాడ వెతకడంలోనే రోజులన్నీ పోయి, సింగారికి మాత్రం మేత వెతుక్కునే పొద్దే మిగల్లేదు.

"తాతా, నా పాట అందరి నోటా ఉంది. నా పిల్లల నోట్లోనే గింజ లేదు" అని ఏడ్చింది.

తాత బండెక్కి అందరినీ పిలిచాడు. "ఇకమీదట సింగారో, ఆమె వంశమో సెలవిస్తేనే ఆ పాట పాడాలి. సూర్యచంద్రులున్నంత కాలం ఇదే కట్టుబాటు" అన్నాడు. పాడాలనుకున్నవాళ్లు గింజలు తెచ్చిచ్చారు. పిల్లలకు రెక్కలొచ్చాయి. అంతవరకూ బాగానే ఉంది.

ఏళ్లు గడిచాయి. సింగారి దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది. మనవడు మల్లడు రెండు కొండల అవతల గూడు కట్టుకున్నాడు. అంత దూరం వెళ్లి అడిగే ఓపిక ఎవరికుంది? పాడేవాళ్లే లేకపోయారు. కొత్తగా పుట్టినవాళ్లకు ఆ పాటే తెలీదు.

అప్పుడొచ్చింది కరువు.

మొదట కుందేళ్లు నీళ్ల జాడ అడగడానికి తాత దగ్గరికి వచ్చాయి. "మల్లణ్ణి అడిగి రండి" అన్నాడు తాత. దారిలోనే రెండు కుందేళ్లు రాలిపోయాయి. తర్వాత ముళ్లపంది వెళ్లింది. మల్లడు గూట్లో లేడని కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చింది. మూడోసారి లేడి వచ్చింది. వెనక దాని పిల్ల తూలుతోంది. నాలుక బయటికొచ్చేసింది. తాత పక్కన కొమ్మ మీద ఒక గోరింక కూర్చుని ఉంది.

"గోరింకమ్మా, నీకు ఆ పాట వచ్చుగా. చెప్పమ్మా!" అంది లేడి.

గోరింక తల దించుకుంది. "వచ్చక్కా. కానీ పాడితే నన్ను వెలేస్తారు."

"పోనీ, ఏ చెట్టు కిందో అదైనా చెప్పు!"

"చెట్టు కూడా పాటలోదే కదక్కా."

లేడి తాతవైపు తిరిగింది. "నీ పట్టు గొప్పదే తాతా. నా బిడ్డ ప్రాణం కంటే గొప్పదా?"

పట్టు విడవడమంటే ఉడుముకు గోళ్లు పీకినట్టే. "స్వామీ, ఇంత వయసొచ్చాక నాకీ పరీక్షా" అని నిట్టూర్చాడు తాత. మెల్లగా బండ మీంచి దిగాడు.

"ఇది సింగారి కట్టిన పాట" అని ముందుగా చెప్పాడు. తర్వాత బొంగురు గొంతుతో పాడాడు. లేడి పిల్లను మూతితో తోసుకుంటూ ఎర్రబండ దాటింది. పిల్ల కడుపారా నీళ్లు తాగింది.

మర్నాడు మల్లడు రుసరుసలాడుతూ వచ్చాడు. "మా నాయనమ్మ కష్టాన్ని ఊరికే పంచేస్తావా తాతా?"

"మీ నాయనమ్మ పిల్లల ఆకలికి అడిగిందిరా. నీకు రెక్కలున్నాయిగా నాయనా. ఆ కుందేళ్లకే ప్రాణాల్లేవు. ఆ పాపం నీది కాదు, నాది." తాత మళ్లీ బండెక్కాడు. "ఇకనుంచి, కట్టినవాళ్ల పిల్లలకు రెక్కలొచ్చేదాకా పాడేవాళ్లు గింజ పెట్టాలి. ఆ తర్వాత పాట అడవిది. దాహంతో వచ్చినవాళ్ల కోసం ఎప్పుడైనా పాడొచ్చు. పేరు మాత్రం ఎన్నటికీ కట్టినవాళ్లదే. నువ్వూ ఒక పాట కట్టు. నీ గూటికీ గింజలొస్తాయి."

మల్లడు రివ్వున ఎగిరిపోయాడు. దారిలో మద్దిచెట్ల దగ్గర ఆగాడు. కింద లేడిపిల్ల తడిమూతితో తప్పటడుగులేస్తూ, "ఇది సింగారి కట్టిన పాట..." అని మొదలుపెట్టింది. నాయనమ్మ పేరు విని ఎన్నేళ్లయిందో! మల్లడు కొమ్మ మీదే కూర్చుని పాట చివరిదాకా విన్నాడు.

తాత చేసిన పని ఒక్కటి గుర్తుపెట్టుకోండర్రా. పాడే ముందు కట్టినవాళ్ల పేరు చెప్పాడు. రేపు మీరు ఎవరి పాట పాడినా, ఎవరి కథ చెప్పినా, అదే చేయండి.

నీతి: చేసినవారి కడుపూ నిండాలి, అడిగినవారి గొంతూ తడవాలి; ఒకరికోసం ఇంకొకరిని ఎండబెట్టే కట్టుబాటును పట్టుకు వేలాడకూడదు.