గుట్టన్న, గంపమ్మ వెతుక్కున్న బడి

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్కనే ఒక ఊరు. రెండింటికీ మధ్య ఒక జొన్నచేను. ఆ చేను గట్టు మీద, తంగేడు పొదలో, ఒక కోళ్ళ కుటుంబం కాపురం ఉండేది.

నాన్న పేరు గుట్టన్న. ఆయన అడవిపుంజు. గుట్ట మీద పుట్టాడు కాబట్టి ఆ పేరు పెట్టారు. అమ్మ పేరు గంపమ్మ. ఆవిడ ఊరిపెట్ట. గంప కింద పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారు. పేర్ల గురించి కోళ్ళు పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోవు.

వాళ్ళిద్దరూ ఒక వానాకాలం ఒకే జొన్నగింజ కోసం వచ్చారు. కాసేపు పొడుచుకున్నారు. తర్వాత పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దది చుక్కి. రెండోవాడు చారెడంత ఉండేవాడు, అందుకని వాణ్ణి చారెడు అన్నారు. ఇద్దరికీ రెక్కలు నాన్నవి, కాళ్ళు అమ్మవి. కూత ఎవరిదో ఇంకా తేలలేదు.

పిల్లలూ, మీకు చదువు రాకపోతే మార్కులు తగ్గుతాయి. కోడిపిల్లకి చదువు రాకపోతే గద్ద వస్తుంది. అందుకని చదువు విషయంలో కోళ్ళు మనకంటే పట్టుదలగా ఉంటాయి.

గుట్టన్న, గంపమ్మ కూడా పిల్లలకి ఇంట్లోనే పాఠాలు చెప్పేవాళ్ళు.

"గద్ద కనపడితే చటుక్కున ఎగిరి కొమ్మల్లో దూరాలి," అని గుట్టన్న చెప్పేవాడు.

"గద్ద కనపడితే కదలకుండా నేలకి అతుక్కుపోవాలి," అని గంపమ్మ చెప్పేది.

రెండూ మంచి పాఠాలే. కానీ రెండూ ఒకేసారి చేయడం కుదరదు. ఒకరోజు పొద్దున్నే నిజంగానే గద్ద వచ్చింది. చుక్కి ఎగిరింది. సగంలో అమ్మ మాట గుర్తొచ్చి ఆగిపోయింది. గాలిలో ఆగడానికి చోటుండదు కదా. గద్ద గోళ్ళకి దాని తోక చిక్కింది. తోక గద్దతో పైకి పోయింది. చుక్కి ముళ్ళలోకి జారి పడింది.

"తోకే కదా, పోతే పోయింది," అన్నాడు గుట్టన్న. అన్నాడే గాని, పిల్ల ఒంట్లో దిగిన ముళ్ళు ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాడు.

గంపమ్మ పిల్లని రెక్క కింద పెట్టుకుని కూర్చుంది. తర్వాత అంది. "చెరో మాట చెప్పి మనమే పిల్లని గద్దకి అప్పగించేవాళ్ళమయ్యా. వీళ్ళకి బడి కావాలి. మంచి బడి. మనల్ని మనుషుల్లా చూసే చోట."

"మనుషుల్లా వద్దులే," అన్నాడు గుట్టన్న. "కోళ్ళలా చూస్తే చాలు."

మర్నాడే నలుగురూ బయల్దేరారు.

ముందు గుట్టన్న పుట్టిన గుట్టకి వెళ్ళారు. అక్కడ అన్నీ అడవికోళ్ళే. అక్కడి బడికి అడవంతా పేరు. ఆ బళ్ళో చదివిన పిల్లని ఏ గద్దా ఎత్తుకుపోలేదని చెప్పుకునేవాళ్ళు. ఆ గుట్టకి పెద్ద శిఖామణి. ఆయన గుట్టన్నకి బాబాయి అవుతాడు. చాలా మర్యాదస్తుడు.

"రా అబ్బాయ్, రా," అన్నాడు శిఖామణి. "పిల్లలు చక్కగా ఉన్నారు. రెక్కలు మనవే. మన దగ్గర తేడాలేం లేవు. హాయిగా ఉండండి. మీ ఆవిడ మాత్రం నీళ్ళగుంట దగ్గరికి అందరూ తాగాక రావాలి."

"సరే బాబాయ్," అన్నాడు గుట్టన్న. తనకి సరే అనిపించలేదు.

"ఇంకోటి. బళ్ళో ఎవరైనా అడిగితే పిల్లలు ఆవిణ్ణి అత్త అని చెప్పాలి. దూరపు చుట్టం అంటే ఇంకా మంచిది."

చారెడు తల ఎత్తి అడిగాడు. "మరి మా అమ్మ ఏదని అడిగితే?"

"లేదని చెప్పు నాన్నా," అన్నాడు శిఖామణి చాలా ప్రేమగా.

గుట్టన్న భార్య వైపు చూశాడు. గంపమ్మ నేల వైపు చూసింది.

"పిల్లలు బతికి బట్టకడితే అదే చాలయ్యా," అంది. "నన్ను ఏమని పిలిస్తే ఏం? పిలుపే కదా."

ఆ బడి నిజంగానే మంచిది. చుక్కికి తోక లేదు. తోక లేని పిల్లని పక్కన పెట్టుకుని మంచి బడిని కాదనడం తేలిక కాదు. ఒక్క పాఠం చూద్దామని గుట్టన్న పిల్లల్ని కూర్చోబెట్టాడు.

పంతులుగారు గద్ద వచ్చినట్టు కూత పెట్టారు. పిల్లలందరూ టపటపా ఎగిరి కొమ్మలెక్కారు. చుక్కి కూడా ఎలాగో ఎక్కింది. చారెడు మాత్రం ఎగరలేదు. ఆ గుంపంతా దాటుకుని, దూరంగా నిలబడ్డ గంపమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "అమ్మా, కూర్చో! అమ్మా, కూర్చో!" అని అరుస్తూ పరిగెత్తాడు. గంపమ్మ గోడ ఎక్కేంత ఎగరగలదు గాని చెట్టు ఎక్కేంత ఎగరలేదు. ఆ సంగతి వాడికి తెలుసు.

పంతులుగారికి కోపం రాలేదు. ఆయన చాలా మంచి పంతులు. "కంగారు పడకండి," అన్నారు. "ఆపద వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి పరిగెత్తకూడదో మూడో పాఠంలో చెప్తాం. అది వస్తే ఈ అలవాటు పోతుంది."

"ఎవరి దగ్గరికి పరిగెత్తకూడదండీ?" అని అడిగాడు గుట్టన్న.

"ఎగరలేని వాళ్ళ దగ్గరికి."

గుట్టన్న చుక్కిని కొమ్మ దిగమన్నాడు. "పంతులుగారూ, మీ పాఠం చాలా బాగుంది. మా వాడికి అది రాకపోతేనే మేలు," అని చెప్పి గుట్ట దిగాడు.

దారిలో గంపమ్మ పిల్లల్ని చెరో పక్కన పెట్టుకుని నడిచింది. చారెడు అడుగడుక్కీ "అమ్మా" అంటూనే ఉన్నాడు. పనేమీ లేదు, ఊరికే.

తర్వాత గంపమ్మ పుట్టింటికి వెళ్ళారు. ఊళ్ళో ఒక పెంకుటింటి పెరడు అది. వీళ్ళని చూడగానే పెట్టలన్నీ ఎదురొచ్చాయి. గంపమ్మ పెద్దమ్మ నల్లపెట్ట కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వచ్చావటే తల్లీ! అల్లుడు ఎంత నిగనిగలాడుతున్నాడే! కూర్చో అల్లుడూ. నూకలు తిను. ఇంకాసిని తిను. పిల్లలూ, మీరూ తినండి. బాగా తింటే ఆ అడవి పోలికలు అవే పోతాయి."

అంత ఆదరణ గుట్టన్న పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎవరూ ఎవర్నీ దూరం పెట్టలేదు. నీళ్ళు అందరికీ ఒకే చిప్పలో. గుట్టన్నకి మనసు కుదుటపడింది.

"పెద్దమ్మా, బడి ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి పాఠం, బా బా అని పిలిస్తే పరిగెత్తుకుంటూ రావడం. రెండో పాఠం, సాయంత్రం కాగానే గూట్లోకి వెళ్ళడం."

"మూడో పాఠం?"

నల్లపెట్ట ఇంకో నూక ఏరుకుని తింది. "మూడో పాఠం దాకా ఎవరూ ఉండలేదు అల్లుడూ."

"మరి పైతరగతి పిల్లలు ఏరీ?"

"పండక్కి వెళ్ళారు."

"ఎప్పుడొస్తారు?"

"ఏమో మరి. ఇంకా ఎవరూ రాలేదు."

అప్పుడే ఇంటాయన పెరట్లోకి వచ్చాడు. కొత్త పుంజుని చూసి ముచ్చటపడ్డాడు. రెండు చేతులా ఎత్తుకున్నాడు. తొడ నొక్కి చూశాడు. "ఒసేయ్, మసాలా నూరు, మన పెరట్లోకి అడవిపుంజు వచ్చింది!" అని లోపలికి కేకేశాడు.

గంపమ్మ మెత్తనిది. జీవితంలో ఎవర్నీ గట్టిగా పొడవలేదు. ఆ రోజు ఇంటాయన మణికట్టు మీద ఎముక తగిలేదాకా పొడిచింది. ఆయన చేతులు వదిలేశాడు. నలుగురూ గోడ దూకి జొన్నచేలో పడ్డారు. వెనక నుంచి నల్లపెట్ట పిలుస్తూనే ఉంది. "అదేమిటే! భోంచేసి వెళ్ళండే!"

పాపం ఆవిడ మనసారా పిలిచింది. అందులో ఏ మోసమూ లేదు. తను మాత్రం గుడ్లు పెడుతుంది కాబట్టి ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. మిగతావాళ్ళ సంగతి ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

ఇక వెళ్ళడానికి చుట్టాల ఇళ్ళు లేవు. వాగు దాటారు. అవతల పెద్ద రేగుపొదలు ఉన్నాయి. ఆ పొదల్లో కౌజుపిట్టలు, కుందేళ్ళు, ఒక ముసలి నెమలి ఉండేవి. ఒకరి తీరు ఇంకొకరికి లేదు. చూడ్డానికి ఆ చోటు ఏమంత గొప్పగా లేదు. ఎవరూ ఎదురు రాలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఒక కౌజుపిట్ట పిల్లలకి పాఠం చెబుతోంది. ఆవిడ పేరు రేగమ్మ. మొహం ఎప్పుడూ చిరాగ్గా ఉంటుంది.

"అమ్మా, మా పిల్లల్ని చేర్చుకుంటారా?" అని అడిగింది గంపమ్మ. ఆ తర్వాత తనే మొదలుపెట్టింది. "మా ఆయనది అడవి. నాది ఊరు. అంటే మా పిల్లలు..."

"తోకలున్నాయా?" అంది రేగమ్మ.

"ఆఁ?"

"తోక ఉంటే వెనక కూర్చోవాలి. లేకపోతే వెనకవాళ్ళకి కనపడదు."

"వాడికి ఉంది. దానికి లేదు."

"అయితే అది ముందు కూర్చుంటుంది. తొందరగా కానివ్వండి, పాఠం ఆగిపోయింది."

గుట్టన్నకి ఆ బడి నచ్చలేదు. కుందేలు వచ్చి పరుగు నేర్పేది. నెమలి వచ్చి పాముల గురించి చెప్పేది. పాట పాఠమైతే వినలేకపోయాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"గద్ద వస్తే ఏం చేయాలని చెప్తారండీ ఇక్కడ?"

"ముందు అరవాలి," అంది రేగమ్మ. "తర్వాత ఎవరికి ఏది చేతనైతే అది చేయాలి. కుందేలుని ఎగరమంటానా? నెమలిని బొరియలో దూరమంటానా?"

"ముందు అరిస్తే గద్దకి మన జాడ తెలియదూ?"

"తెలుస్తుంది. పక్కవాడికి కూడా గద్ద జాడ తెలుస్తుంది. మా బళ్ళో అందరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క పాఠమే."

గుట్టన్న ఆ రోజు గుట్టబడిని తలుచుకుని చాలా బెంగపడ్డాడు. "తప్పు చేశామేమోనే," అన్నాడు.

"నీళ్ళ దగ్గర నన్ను ఎవరూ ఆగమనలేదయ్యా," అంది గంపమ్మ. "ఇంకొన్నాళ్ళు చూద్దాం."

అక్కడ అందరూ తీపి మాటలే చెప్పేవాళ్ళని కాదు. ముసలి నెమలి పొద్దున్నే వచ్చి గుట్టన్నని తిట్టేది. "నీ కూతతో నాకు నిద్ర లేదు. కూయాలంటే వాగు అవతలికి పోయి కూయి," అనేది. గుట్టన్న వాగు అవతలికి పోయి కూసేవాడు. నెమలి అరుపు మాత్రం పుంజు కూత కంటే నాలుగింతలు ఉండేది. ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఎండాకాలం వచ్చింది. గంపమ్మ మళ్ళీ గుడ్లు పెట్టి పొదగడం మొదలుపెట్టింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం గుట్టన్న మేతకి వెళ్ళాడు. అప్పుడు గడ్డిలోంచి బావురుపిల్లి వచ్చింది. బావురుపిల్లి అంటే అడవిలో తిరిగే పెద్ద పిల్లి. అడుగుల చప్పుడు లేకుండా గంపమ్మ వైపు నడిచింది.

గంపమ్మ దాన్ని చూసింది. గుడ్లు వదిలేస్తే తను బతకొచ్చు. లేవలేదు. రెక్కలు ఇంకాస్త విప్పి గుడ్లు కప్పుకుంది. కళ్ళు మూసుకుంది.

అప్పుడు చారెడు చూశాడు. వాడు కొమ్మ మీద ఉన్నాడు. ఎవరికీ కనపడడు. నోరు మూసుకుంటే వాడికి ఏమీ కాదు. కానీ వాడు గొంతు చించుకుని అరిచాడు. అది ఊరికోడి కూతా కాదు, అడవికోడి కూతా కాదు. వినడానికి చాలా ఘోరంగా ఉంది. వాగు అవతలికి కూడా వినపడింది.

చుక్కి అందుకుని అరిచింది. గడ్డిలోంచి కౌజుపిట్టలన్నీ బుర్రుమని ఒక్కసారే లేచాయి. కుందేళ్ళు నేల దబదబా తన్నాయి. ముసలి నెమలి పరుగున వచ్చి, గంపమ్మకీ పిల్లికీ మధ్య నిలబడి, పింఛం విప్పి కేక పెట్టింది. గుట్టన్న వాలేసరికి పొదలన్నీ మారుమోగుతున్నాయి.

బావురుపిల్లికి గుట్టుగా పని చేసుకోవడం అలవాటు. ఇంతమంది చూస్తుండగా భోంచేయడానికి దానికి మొహమాటమేసింది. ఒకసారి అటూ ఇటూ చూసి, వేరే పని ఉన్నట్టు వెళ్ళిపోయింది.

గుట్టన్న నెమలి దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, మీ మేలు..." అని మొదలుపెట్టాడు.

"రేపు కూడా వాగు అవతలికే పోయి కూయి," అంది నెమలి. పింఛం దులుపుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి గుడ్లు పగిలాయి. పిల్లలు బయటికి వచ్చాయి. ఒకటి మచ్చలది, ఒకటి చారలది, ఒకటి ఏ రంగో చెప్పడం కష్టం. రేగమ్మ వచ్చి తల వంచి ఒక్కొక్కదాన్నీ చూసింది.

"ఎవరే వీళ్ళు?" అంది.

ఆ ప్రశ్న గుట్ట మీదా, ఊళ్ళోనూ ఎవరూ సూటిగా అడగకపోయినా గంపమ్మకి మాటల మధ్య వినపడింది. దానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకుని ఉండేది. "వీళ్ళ నాన్నది అడవి, నాది ఊరు. అందుకని వీళ్ళు..." అని గబగబా అందుకుంది.

"అది కాదే," అంది రేగమ్మ చిరాగ్గా. "పేర్లు అడుగుతున్నా. రేపు బళ్ళో ఏమని పిలవాలి?"

పేర్లు ఇంకా పెట్టలేదు. ఆ పూటంతా మొగుడూ పెళ్ళాలు కూర్చుని పేర్లు వెతికారు. కోళ్ళ చరిత్రలో పేర్ల గురించి అంతసేపు ఆలోచించినవాళ్ళు వాళ్ళే.

నీతి: మనలో సగాన్ని గుమ్మం బయట వదిలి రమ్మనే చోట ఎంత గొప్ప చదువైనా అబ్బదు, మన ఆపదకి అందరూ గొంతెత్తే చోటే మన ఊరు, మన బడి.