గేదె వంచిన గోడ

రాజు కొండ మీద ఒక ఇల్లు కట్టమన్నాడు. కొండను చూడవచ్చినవాళ్లు అందులో కాసేపు కూర్చోవాలి. అది కొండవాళ్ల ఇళ్లలాగే ఉండాలి. లేకపోతే కట్టినవాడి కొలతాడు పొయ్యిలోకి పోతుంది, వాడు బతికినన్నాళ్లూ మళ్లీ గోడ జోలికి వెళ్లకూడదు.

కట్టేవాడికి గురువు లేడు. తప్పు చేస్తే తిట్టే దిక్కు లేక, ఆ పని కూడా తనే చేసుకునేవాడు. "ఒరే, నీకు సొంత బుర్ర ఎలాగూ లేదు. ఉన్నది ఉన్నట్టు కొలుచుకో, చాలు" అని తనకు తానే చెప్పుకుని కొండెక్కాడు.

పైన ఒక ముసలమ్మ ఇల్లుంది. రాతి పునాది, మట్టి గోడలు, గడ్డి కప్పు. వెనక గోడ మాత్రం కొండవైపుకి జానెడు ఒరిగి ఉంది. కట్టేవాడు తాడు వేసి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "ఇందులో ఏదో పెద్దల తెలివి ఉంది" అని తలపంకించాడు. తను కట్టే ఇంటికి కూడా వెనక గోడను ఇరవై బారల పొడవునా సరిగ్గా జానెడు వంచి కట్టాడు.

రాజు రావడానికి మూడు రోజులుందనగా ముసలమ్మ చూడ్డానికొచ్చింది. చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏంటమ్మా నవ్వుతావు?"

"ఆ వంకర మా గేదెది బాబూ! చలిగాలి తగలకుండా ఇంటిలోపల ఆ గోడకాడ నిలబడి రోజూ ఒళ్లు రుద్దుకుంటాది. పదేళ్లకి గోడ అటు ఒరిగిపోనాది. నువ్వు పది రోజుల్లోనే వంచేసినావు. గేదె కంటే గట్టోడివే!"

కట్టేవాడు తాడు విసిరికొట్టాడు. "నిజమే. గేదెకైనా దురద ఉంది. నాకేముంది?"

ఆ గోడ పడగొట్టి తిన్నగా లేపాలనుకున్నాడు. దానికి ముందు కప్పు విప్పాలి. విప్పాడు. దానికి ఆనుకున్న గోడలు తీయాలి. ఒకటి తీశాడు, రెండోది తీశాడు, మూడోదీ తీశాడు. ఇక వంకర గోడ మీద గునపం ఎత్తాడో లేదో, రాజు ఒకరోజు ముందే దిగాడు.

"ఇల్లేదీ?"

"మిగిలింది ఇదే, మహారాజా."

"కొలతాడేదీ?"

కట్టేవాడు నడుం తడుముకున్నాడు. లేదు. పొయ్యిలో వేయడానికైనా తాడు దాచుకోలేని వెధవనని తిట్టుకున్నాడు.

రాజు ఆయాసపడుతున్నాడు. "సరే, పొయ్యి సంగతి తర్వాత. ముందు కూర్చోనీ" అని గోడకి చేరగిలబడ్డాడు. గోడ వెనక్కి ఒరిగి ఉంది కదా, వీపు హాయిగా వాలింది. గాలి ఇటు తగలడం లేదు. ఎదురుగా, కింద, మైదానమంతా పరుచుకుని ఉంది.

"అదుగో, ఆ ఆవగింజంతది ఏమిటి?"

కట్టేవాడు అబద్ధం ఆడదామనుకున్నాడు గాని, దానికీ సొంత బుర్ర కావాలి.

"తమరి కోట, మహారాజా."

రాజు దాన్ని చాలాసేపు చూశాడు.

"హమ్మయ్య! అంతేనా అది?" అన్నాడు రాజు. "ముప్పై ఏళ్లుగా దాన్ని మోస్తున్నాననుకుని మెడ పట్టేసింది." కిరీటం తీసి నేలమీద పెట్టాడు. చుట్టూ చూసి, మెడను మెల్లగా గోడకేసి రుద్దుకున్నాడు. "ఇక్కడ ఇంకేమీ కట్టకు."

కట్టేవాడు గునపం కింద పెట్టాడు.

అంతలో ముసలమ్మ గేదెను తోలుకుంటూ వచ్చింది. దాని మెడకి కొలతాడు ఉంది. "పారేసినావు కదా బాబూ, పలుపుకి పనికొచ్చింది."

గేదె తిన్నగా రాజు దగ్గరికి వచ్చి నిలబడింది. కదల్లేదు.

"ఒరిగిన గోడ ఎక్కడ కనబడినా అది తనదే అనుకుంటాది, ఏటనుకోకండి" అంది ముసలమ్మ.

రాజు కిరీటం చేత్తో పట్టుకుని కాస్త పక్కకి జరిగాడు.